దాలయ్య చూసి నేర్చిన కట్టు

దాలయ్యకి ముడులు నేర్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. గంజాం దగ్గర సముద్రపొడ్డున ఉండే మా పల్లెలో వలకీ, పడవకీ, లంగరుకీ వేసే ముడులన్నీ అతని వేళ్ళకి తెలుసు. అలాంటివాడు బెంగళూరు వెళ్ళి, తాడు కట్టడం చూసి నేర్చుకొచ్చానంటే నవ్వక ఏం చేస్తాం? నేనూ నవ్వాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

చేపలు తగ్గిపోయాక వెళ్ళాడక్కడికి. ఓ మేడలో ఊడ్చే పని. పై అంతస్తు హాల్లో శనివారం సాయంత్రాలు ఆడా మగా చేరి, షిబారి అని, జపానువాళ్ళ పద్ధతిలో ఒకరినొకరు తాళ్ళతో కట్టుకోవడం సాధన చేసేవారట. చదువుకున్నవాళ్ళే, ఇష్టపడే కట్టించుకునేవారు.

"పనీ పాటా నేనోళ్ళనుకున్నాన్రా" అన్నాడు నాతో.

చూస్తానంటే వాళ్ళు సరేనన్నారు. చీపురు పక్కన పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేవాడు. వాళ్ళ ముడి ఎంత లాగినా బిగుసుకోదు. మనది లాగినకొద్దీ బిగుస్తుంది, అలల మీద పడవ నిలవాలి కదా. జనపతాడుకి నూనె రాసి మెత్తబరిచేవారు. కట్టు కింద రెండు వేళ్ళు దూర్చి చూసేవారు. తిమ్మిరెక్కిందా, నొప్పిగా ఉందా అని మాటిమాటికీ అడిగేవారు. ఒకసారి కట్టించుకున్నావిడ మెల్లిగా "చాలు" అంది. కట్టినాయన ఎందుకని అడగలేదు. కత్తెర తీసి మంచి తాడుని కత్తిరించేశాడు. అది చూసి దాలయ్యకి ఏడుపొచ్చిందట. ఇంటి దగ్గర తమ్ముణ్ణి కట్టేసి ఉంచారు మరి.

తమ్ముడు కొండలుకి మతి చెదిరి అప్పటికి నాలుగేళ్ళు. తండ్రి పడవ తిరిగి రాలేదు. నాన్న పిలుస్తున్నాడంటూ వీడు సముద్రంలోకి నడిచిపోయేవాడు. రెండుసార్లు మేమే ఈడ్చుకొచ్చాం. బరంపురంలో డాక్టరు మందులిస్తే కొన్నాళ్ళు మింగాడు, తర్వాత ఉమ్మేశాడు. తల్లి నీలమ్మ చేపల గంపతో బస్సెక్కి కొడల సంతకి వెళ్ళాలి. అందుకని వలతాడుతో ఇంటి స్తంభానికి కట్టేసి వెళ్ళేది. కట్టింది ఆవిడే గాని, ముడి మా అందరిదీ. వాడు గింజుకున్నకొద్దీ బిగిసింది. ఎడమచేతి వేళ్ళు రెండు నల్లబడితే ఆసుపత్రిలో తీసేశారు.

"ఏలు పోతే పోయింది, ఆడి పేనం దక్కింది" అంది నీలమ్మ.

ఆ మాట ఫోనులో విని దాలయ్య పని వదిలేసి వచ్చేశాడు. మిగిలిన ఎనిమిది వేళ్ళయినా దక్కించాలి, అదే అతని తాపత్రయం. జనపతాడు కొని వారం రోజులు నూనె పట్టించాడు.

"తాడుకి తలంటుతున్నావేట్రా" అని తల్లి ఎగతాళి చేసింది.

మొదటిసారి కట్టిన పొద్దున నేనక్కడే ఉన్నాను. వేళ్ళు దూర్చి చూశాడు. గోళ్ళు నొక్కి రంగు చూశాడు.

"నొప్పేత్తందేట్రా తమ్ముడూ?" అన్నాడు.

నాలుగేళ్ళలో వాణ్ణి ఆ మాట ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కొండలు తలెత్తి అన్న ముఖంలోకి చూశాడు. తర్వాత తెలివొచ్చినవాడిలా నెమ్మదిగా అన్నాడు.

"నొప్పి నేదన్నా. ఇప్పీ."

దాలయ్య చెయ్యి ముడి మీదకి వెళ్ళింది. గుమ్మంలోంచి చూస్తే సముద్రమే. తల్లి అప్పటికే బస్సెక్కేసింది. దాలయ్య మళ్ళీ వేటకి చేరాడు కదా, పడవ మీద తోటివాళ్ళు అతని కోసం కేకలేస్తున్నారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రేపిప్పుతాన్రా" అన్నాడు.

అది అబద్ధమని నాకు తెలుసు, కొండలుకీ తెలుసు.

వాడి ఎనిమిది వేళ్ళూ నిలిచాయి. పల్లెంతా దాలయ్యని మెచ్చుకుంది. కొండలు మళ్ళీ విప్పమనలేదు. రోజూ పొద్దున్నే అన్న తాడు చేతిలోకి తీసుకునేసరికి తనే వచ్చి, స్తంభానికి వీపానించి కూర్చుని, రెండు చేతులూ చాచేవాడు. దాలయ్య ఏమీ అడక్కుండా కట్టేవాడు.