అత్తమ్మ సందుగలో తెల్లచీర

మా సంఘంలో నా గురించి ఒక మాట చెప్పుకుంటారు. ఊరుగాని ఊరొచ్చిన ఒక ఆడమనిషి చనిపోతే నేను మా ఇంట్లోంచి కొత్త తెల్లచీర తీసుకెళ్లానని, సమాధుల తోటలో ఆమెకు చోటు ఇప్పించానని. పరిగిలో, కరణ్‌కోటలో జరిగిన కూటాల్లో కూడా మా పాస్టరయ్య ఈ సంగతి చెప్పారు. అందులో చీరను మోసుకెళ్లింది నేనే. మిగతాదేదీ నాది కాదు. అక్కడ విన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆ చీర మా అత్తమ్మది, అంటే నా భార్య తల్లిది. వికారాబాద్ దగ్గరి పల్లెలో పొలం పనులు చేసి బతికిన మనిషి. మామయ్య పోయాక తాండూరులో మా ఇంటికి వచ్చింది. వచ్చేటప్పుడు రైల్లో తన రేకు సందుగను ఒళ్లోనే పెట్టుకుంది, నన్ను ముట్టనివ్వలేదు. అందులో మడత విప్పని తెల్లచీర, రవిక, కాసిని కలరా ఉండలు. చనిపోయాక తమకు కట్టే బట్టలు తామే ముందుగా సిద్ధం చేసుకోవడం మా వైపు పాతకాలపు విశ్వాసుల అలవాటు. ఏటా ఎండాకాలం ఆ చీరను మేడమీద ఎండకు పరిచి, కోతులు ఎత్తుకుపోకుండా కర్ర పట్టుకుని పక్కనే కూర్చునేది.

"ఏం చీర అమ్మా అది?" అని పక్కింటి ముస్లిం ఆవిడ ఒకసారి అడిగింది.

"నా పెండ్లి చీర."

"యా అల్లా! గీ వయసుల దుల్హన్ అయితవా?"

"పైనుంచి పిలిచేటాయన వయసు అడుగుతడా?"

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ చీర ఇంట్లో ఉండడమే నచ్చేది కాదు. "నేను సంఘపెద్దను. ఆరాధన తప్పను, ఉపవాసం తప్పను. ప్రభువు పిలుపుకు సిద్ధపాటు అంటే గది. సందుగల చీర దాచుకునుడు కాదు" అని నా భార్యతో అనేవాణ్ణి.

"గదే మాట మా అమ్మ తోటి అను, చూస్త" అనేది ఆమె. అంత ధైర్యం నాకు లేదు.

నేను పనిచేసేది బండల పాలిష్ యూనిట్లో. కర్ణాటక వైపు నుంచి వచ్చిన ఒక జంట అక్కడ పనిచేసేవారు. భర్త బండలు కోసేవాడు, భార్య వాటిని కడిగేది. ఆమె ఆదివారాలు మా గుడికి వచ్చి గడప పక్కన, చెప్పుల దగ్గర కూర్చునేది. బాప్తిస్మం ఎప్పుడని అడిగితే వచ్చే నెల అనేది. ఆ నెల రాకముందే జ్వరం ముదిరి కన్నుమూసింది.

కబురు వచ్చింది ఆదివారం మధ్యాహ్నం. పాస్టరయ్య ఊళ్లో లేరు. ఆమె భర్త గుడి గేటు దగ్గర నన్ను పట్టుకుని, మీ తోటలో ఇంత చోటివ్వండని వేడుకున్నాడు.

"బాప్తిస్మం లేదు కద. పెద్దలను అడగాలె. జర ఆగు" అన్నాను. కసిరి అనలేదు, మర్యాదగానే అన్నాను. అందుకే అందులో తప్పుందని కూడా నాకు తోచలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాను.

అత్తమ్మ వడ్డించలేదు. గేటు దగ్గర అతణ్ణి ఆమె కూడా చూసింది. "ఏం చెప్పినవ్ ఆయనకు?" అంది.

"అడగాలె అత్తమ్మా. నియమం ఉంటది."

"బయట ఎండ జూసినవా? నీ నియమం తేలేదాక గా పిల్ల ఆగుతదా?"

లోపలికి వెళ్లింది. సందుగ మూత కిర్రుమంది. చీర, రవిక పాత పేపర్లో చుట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నా ఫోన్ తీసి చేతికిచ్చింది. "పాస్టరయ్యను అడుగు, నా ముంగటనే."

అడిగాను. ఆయన ఒక్క మాటకే సరేనన్నారు. చనిపోయినామె కోసం నేనే బతిమాలుతున్నానని అనుకున్నారు.

"మరి నీకెట్లనే అమ్మా?" అంది నా భార్య.

"నాదేమున్నది. గా పిల్లకు నాకంటే ముందు పిలుపొచ్చింది." తర్వాత నాకేసి తిరిగి, "చీర ఎవలిచ్చిన్రో చెప్పకు" అంది.

చీర నేనే తీసుకెళ్లాను, ఆ సాయంత్రమే ఆ పిల్లను మా తోటలో సమాధి చేశారు. మరుసటి ఆదివారం పాస్టరయ్య అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. నేను తల వంచుకున్నాను. దాన్ని వినయం అనుకున్నారు. చెప్పొద్దన్నది అత్తమ్మే కదా అని సర్దుకున్నాను. తన పేరు దాచమంది గానీ, అక్కడ నా పేరు పెట్టుకోమనలేదని నాకు తెలుసు. చనిపోయినామె భర్త యూనిట్లో ఎదురైనప్పుడల్లా తడిచేతులు తుడుచుకుని మరీ దండం పెట్టేవాడు. తర్వాత బాప్తిస్మం కూడా తీసుకున్నాడు. "మిమ్ముల జూసే వచ్చిన పెద్దన్నా" అన్నాడు. ఆ మాటకు కూడా నేను నోరు విప్పలేదు.

కొత్త చీర తెస్తానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. ఖాళీ సందుగలో కందిపప్పు పోసింది, ఏటా కొత్త పప్పు మార్చేది. "చీర లేకుంటే ఏమాయె, పెండ్లంటే పప్పన్నమన్న ఉండాలె" అంది.

ఇలా ఏళ్లు గడిచాయి. మొన్న వానాకాలంలో ఆమెకు ఆయాసం వస్తే వికారాబాద్ దవాఖానలో చూపించాం. గుండె బాగా బలహీనపడిందని, ఎప్పుడేమైనా కావచ్చని డాక్టర్ చెప్పారు. తిరుగు రైల్లో కంది చేలు చూస్తూ, "మొదటి ఆదివారం ప్రభు బల్లకు తీస్కపో అల్లుడా" అంది అత్తమ్మ. ఆమె ముఖంలో బెదురు లేదు. బెదిరింది నేను. ఈమె పోతే ఆ చీర ఎప్పటికీ నాదే అయిపోతుంది. ఈమె సమాధి దగ్గర కూడా నన్నే పొగుడుతారు, నేను అక్కడ కూడా తల వంచుకుంటాను.

మా గుడిలో ప్రభు బల్ల రోజు రొట్టె విరిచే ముందు పాస్టరయ్య కాసేపు ఆగుతారు. ఎవరికి ఎవరితో ఏ పొరపొచ్చమున్నా లేచి వెళ్లి సరిచేసుకోవాలి. సంఘపెద్దలం మామూలుగా లేవం, మా దగ్గరికే వస్తారు. ఆ రోజు నేను లేచి, నడుమ దారి దాటి, ఆడవాళ్ల వైపు వెళ్లాను. కుర్చీలో ఉన్న అత్తమ్మ ముందు చాపమీద కూర్చుని అందరికీ వినబడేలా చెప్పాను. చీర ఈమెది. చోటు అడిగించింది ఈమె. జర ఆగమన్నది నేను. ఇన్నేళ్లూ ఊరుకున్నది కూడా నేనే.

పాస్టరయ్య చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. అత్తమ్మకు ఈమధ్య చెవుడు. తను గుసగుసగానే అంటున్నాననుకుని గుడంతా వినబడేలా, "చెప్పొద్దంటి కద!" అంది. ఎవరో నవ్వాపుకున్నారు.

"మాఫ్ చెయ్యి అత్తమ్మా."

"నాకెర్కలేదా? పాస్టరయ్య పొగిడినప్పుడల్లా నీ చెవులు ఎర్రగైతుండె. దినాం దేవుణ్ణి అడుగుతున్న, వీడెప్పుడు లేస్తడని. నా పానం ఉండంగ లేస్తవో లేవవోనని అదొక్కటే ఫికర్ ఉండె." నా నెత్తిమీద చెయ్యి పెట్టింది.

వెనక నుంచి చనిపోయినామె భర్త వచ్చి "అవ్వా" అంటూ ఆమె కాళ్ల మీద వంగాడు.

"మోకాళ్లు పట్టకు కొడుకా, నొస్తయ్. కూసోండ్రి ఇద్దరు. రొట్టె ఎండిపోతున్నది."

ఇద్దరం అక్కడే, ఆమె ముందు, పక్కపక్కన కూర్చుని రొట్టె తీసుకున్నాం. అతడు నాకు దండం పెట్టలేదు. చాపమీద నాకు చోటివ్వడానికి కాస్త జరిగాడు. అంతకంటే పెద్ద క్షమ నాకు ఎవరూ ఇవ్వలేదు.

అత్తమ్మ ఇంకా ఉంది, దేవునికి స్తోత్రం. ఆ రోజు ఇంటికొచ్చాక నా భార్య సందుగలోని పప్పు వండింది. నేను కంచం ముందు కూర్చున్నాను. అత్తమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చి, తనే వడ్డించింది.