కోతులకు నచ్చని మీటింగులు

మా ఇంట్లో ఫోను సిగ్నలు వంటగది గట్టు దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. అక్కడ మా అమ్మ మిక్సీ వేస్తుంది. అందుకని ఇంటి నుంచి ఉద్యోగం మొదలుపెట్టిన నెలకే ల్యాప్‌టాప్ పట్టుకుని వెనకున్న మామిడితోటలోకి వెళ్లిపోయాను. చిన్నరసం చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, అవతలివాళ్లకు సరిగ్గా వినపడక ప్రతి మాటా అరిచి చెప్పేదాన్ని.

తోట మాదే గానీ, ఆ ఏటి కాపు రెడ్డిగూడెం ఆయన ఒకాయన కొనుక్కున్నాడు. భార్యతో సహా తోటలోనే పాక వేసుకుని కాపలా ఉండేవాడు. ఆయనకు పగవాళ్లు కోతులు. ఒక్క కాయా పూర్తిగా తినవు, కొరికి పడేసి ఇంకోటి అందుకుంటాయి. డప్పు కొట్టాడు, టపాసులు పేల్చాడు, పులిబొమ్మ కట్టాడు. మూడో రోజుకి కోతులు ఆ పులి మీదే కూర్చుని పేలు చూసుకున్నాయి. ఈసారి కూడా కాపు పోతే మళ్లీ కూలికి పోవాల్సిందేనని ఆయన భార్య మా అమ్మ దగ్గర ఏడ్చింది.

ఒకరోజు పొద్దున్నే ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయిగారూ, మీరు మాట్లాడే చెట్టు దగ్గరికి కోతులు రావట్లేదండి."

"నేనేం చేశాను?"

"ఎదురుగా మనిషి లేకుండా అంత గట్టిగా మాట్లాడేవాళ్లని అవి ఎప్పుడూ చూళ్లేదండి. భయపడతన్నాయి. ఇయ్యాళ ఆ మూల బంగినపల్లి కింద మాట్లాడతారా?"

నాకు ఒళ్లు మండింది. ఇంజనీరింగు చదివింది దిష్టిబొమ్మ ఉద్యోగానికా? అయినా వెళ్లాను. కోతులు నిజంగానే రాలేదు.

వారం తిరిగేసరికి ఆయనకు నా మీటింగులన్నీ కంఠతా వచ్చేశాయి. పదింటి మీటింగు గేటు పక్కన. మూడింటికి మేనేజరుతో మాట్లాడేది మాత్రం కోతుల గుంపు దిగే ఉత్తరం గట్టు మీద. "మజ్జాన్నం ఖాళీగా ఉందండి, మీ సారుని అడిగి ఒకటి పెట్టించండి" అని బతిమాలేవాడు. కుర్చీ ఆయన మోసేవాడు, గొడుగు ఆయన భార్య తెచ్చేది. నా ఉద్యోగం మీద అంత గౌరవం మా ఇంట్లో ఎవరికీ లేదు.

కోత ఇంకో పది రోజులుందనగా, ఆ ఉత్తరం గట్టు మీదే నా ఉద్యోగం పోయింది. తెర మీద మేనేజరు పక్కన ఎవరో కొత్తావిడ కూర్చుని చల్లగా చెప్పింది. నేను ఒక్క మాట అనేలోపే లైను కట్టయింది.

మర్నాడు ఆయన మామూలుగానే కుర్చీతో వచ్చాడు. విషయం చెప్పాను. అయినా కుర్చీ తీసుకెళ్లి ఉత్తరం గట్టు మీదే వేశాడు.

"ఫోను లేకపోయినా పర్లేదండి. ఊరికే మాట్లాడండి. కోతులకేం తెలుస్తుంది?"

సిగ్గు చంపుకుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. మొదట ఏం మాట్లాడాలో తోచలేదు. తర్వాత ఆపుకోలేకపోయాను. పండగలకు కూడా సెలవడగలేదని, జ్వరంతో కూడా పనిచేశానని, కనీసం ఎందుకు తీసేశారో చెప్పలేదని ఆ గట్టుకే అరిచి చెప్పాను. అరుస్తూ అరుస్తూ ఏడ్చేశాను.

ఆయన భార్య గొడుగు పక్కన పడేసి, వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏయ్, లేవవే! ఎదురుగా మనిషుంటే కోతులొస్తాయి!" అని ఆయన దూరం నుంచి కేకేశాడు.

"వస్తే రానీ," అందావిడ. "మీరు చెప్పండమ్మా."

ఆ పూట రెండు చెట్ల కాపు పోయింది. నేను చెప్పడం అయ్యేదాకా ఆవిడ లేవలేదు.