అత్తగారు ట్రక్కెక్కితే

మా చెల్లెలి మొగుడు క్లిఫ్టన్ హెడ్‌ఫోన్లు మెడలోంచి తియ్యడు. నిద్రలో కూడా ఉంటాయని చెల్లెలు చెప్పింది. పట్నంలో కొన్నాళ్లు శిక్షణ పొంది, పాటలు రికార్డు చేసే ట్రక్కుకి మాస్టారై వచ్చాడు. అంతకుముందు స్టోరు ముందు కూర్చుని కుక్కలకు నీతులు చెప్పేవాడు. ఇప్పుడు పిల్లలకు చెబుతున్నాడు, అంతే తేడా.

పిల్లలకు పాట కట్టడం, వీడియో తియ్యడం నేర్పాలని ఆ ట్రక్కు ఏటా చలికాలంలో మా ఊరొచ్చి ఫుట్‌బాల్ మైదానం పక్కన ఆగుతుంది. క్లిఫ్టన్ తన పాట తానే పాడి, తానే రికార్డు చేసుకుంటాడు. పిల్లలు చప్పట్లు కొట్టాలి. వీడియోలోనూ తనే, నల్ల కళ్లద్దాలతో మా అన్న జీపు మీదెక్కి. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని ఊరికే అనలేదు.

మా అన్న కూతురు లటోయాకి ట్రక్కులోని ఆ రికార్డింగు మిషనంటే ప్రాణం. ఏ శ్రుతి ఎక్కడ జారిందో ఇట్టే పట్టేస్తుంది. అలాంటి పిల్లచేత ఏళ్ల తరబడి తీగలు చుట్టించాడే గాని, ఒక్క మీట ముట్టనివ్వలేదు. "ఈసారీ ఇంతే అయితే నేనిక ట్రక్కు మొహం చూడనత్తా" అని ఏడ్చింది.

నేనే వెళ్లాను. "ఏం మాస్టారూ, పిల్లనోసారి కూర్చోనివ్వరాదూ?"

"ఇది నిప్పుల్లో రొట్టె కాల్చడం కాదొదినా. చెయ్యి తగిలితే చెడిపోద్ది."

"నీ చెయ్యి తగిలి చెడని పాటేదో చెప్పు ముందు."

ఇకిలించి హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇదంతా మా అమ్మ మౌడీ చెవిన వేశాను. మా ఆదివాసుల ఆచారంలో అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూడరు, మాట్లాడుకోరు, ఒకే నీడన కూర్చోరు. ఆమె వస్తోందంటే అతను తప్పుకోవలసిందే. అమ్మకి పాత పాటలన్నీ వచ్చు, ట్రక్కులో పాడమని ఊరంతా బతిమాలినా, అల్లుడి పని చెడగొట్టకూడదని ఇన్నాళ్లూ అటు పోలేదు.

"రేపు పాడతానని చెప్పు" అంది.

మర్నాడు కబురు వినగానే క్లిఫ్టన్ టీ కప్పు కూడా వదిలేసి, ట్రక్కులోంచి దూకి నీళ్ల ట్యాంకు వెనక్కి పరిగెత్తాడు.

"మరి మిషను దగ్గరెవరొదినా?" అని అక్కణ్నుంచే అరిచాడు.

"నీ శిష్యురాలే!"

లటోయా మిషను ముందు కూర్చుంది. కాసేపటికి, "నానమ్మా, ఊపిరి మైకు మీద పడుతోంది. కొంచెం వెనక్కి జరుగు" అంది. ఆ ముక్క మాస్టారికి ఈ జన్మకి తెలియదు.

అమ్మ ఆ మర్నాడూ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. మాస్టారు ట్యాంకు వెనక ఈగలు తోలుకుంటూ, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని కూర్చున్నాడు.

"ఒదినా, ఆవిడకి ఇంకా ఎన్ని పాటలున్నాయో కనుక్కో" అన్నాడు దీనంగా.

వెళ్లి అడిగాను. అమ్మ కాల్చిన కంగారూ తోక తీరిగ్గా కొరుక్కు తింటోంది. పక్కనే లటోయా తన సొంత పాట రికార్డు చేసుకుంటోంది.

"పాటలా? మొన్ననే అయిపోయాయే" అంది అమ్మ మెల్లగా. "ట్రక్కు కదిలేదాకా నేనిక్కడే కూర్చుంటా."

ట్యాంకు దగ్గరికి తిరిగొచ్చాను.

"ఇంకా చాలా ఉన్నాయట మాస్టారూ."