మేష్టారి ఫోటో తిప్పిన దుర్గ

దుర్గకి మాటలు రావని కాదు. ఇంట్లో అన్న హరిబాబుతో తగువు పడిందంటే వీధి చివరిదాకా వినిపిస్తుంది. కొత్త మనిషి ఎదురుపడితే మాత్రం మాట బయటికి రాదు. అందుకే అరసవల్లిలో టిఫిన్ హోటల్ మేడ మీద గది తీసుకుని, వెబ్‌సైట్లు చేసే షాపు పెట్టినప్పుడు బోర్డు మీద ‘హరి వెబ్ డిజైన్స్’ అని రాయించారు. నోరు అన్నది, పని చెల్లెలిది.

వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. తండ్రి గంగులు వేటకి వెళ్తాడు, తల్లి తాతమ్మ చేపలమ్ముతుంది. పదో తరగతితో దుర్గ చదువు ఆగిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు, సాగించమనీ ఎవరూ అనలేదు. ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో జెరాక్సులు తీసే పనికి కుదిరింది. అక్కడ యజమాని సైట్లు తయారుచేస్తుంటే వెనక నిలబడి చూసేది. అడగడానికి సిగ్గు. అందుకని చూపుతోనే నేర్చుకుంది. తెలియనివి ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని నేర్చుకుంది.

సొంత పని మొదలుపెట్టాక కూడా ఆ చూసే అలవాటు పోలేదు. ఎవరి సైటు చేయాలన్నా ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక మూల కూర్చునేది. గుడి దగ్గర లాడ్జికి సైటు చేసినప్పుడు పొద్దంతా కౌంటర్ పక్క బల్ల మీద కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్ళూ వేణ్ణీళ్ళుంటాయా, దర్శనానికి వెళ్ళొచ్చేదాకా సామాన్లు పెట్టుకోనిస్తారా అనే అడుగుతున్నారు. ఆ రెండింటికీ జవాబు మొదటి పేజీలో పైనే పెట్టింది. లాడ్జి ఓనరు తన నిలువెత్తు ఫోటో పైన ఉండాలని పట్టుబడితే హరిబాబు, “మిమ్మల్ని సూడ్డానికి ఎవుడొస్తాడు మావా? అందరూ సూర్యనారాయణమూర్తి కోసమే వస్తారు” అని నవ్వించి ఒప్పించాడు.

అలా నడుస్తున్న షాపుకి ఒక చిక్కు వచ్చింది. హరిబాబుకి ఒడిశాలోని పారాదీప్‌లో ఐసు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఉద్యోగం దొరికింది.

“నానెల్లిపోతే ఎవులు మాటాడతారే?” అన్నాడు చెల్లెలితో. “కరెంటోడు తలుపు కొడితేనే లోపలికెల్లి దాక్కుంటావు. నోరు లేని యాపారం నడవదు. నువ్వు మాటాడతానంటే సరే, లేదంటే నానెల్లేలోగా గది కాళీ సేసేద్దాం.”

ఆ గదంటే దుర్గకి ప్రాణం. కిటికీలోంచి ఆటోలు, కింద దోసెల పెనం చప్పుడు, ఎదురుగా తన కంప్యూటర్. అది పోతే మళ్ళీ జెరాక్సుల దగ్గరికే.

బొబ్బిలి పని ఆ రోజుల్లోనే వచ్చింది. అక్కడ త్యాగరాజు మేష్టారని వీణ నేర్పే పెద్దాయన ఉన్నారు. చాలాకాలం గుడిలో సాయంకాలం సేవకి వాయించిన మనిషి. దూరంగా ఉన్న శిష్యుల కోసం సైటు కావాలని ఆయన మనవరాలు ఆమని ఫోన్ చేసింది. దుర్గ ఎప్పటిలాగే వెళ్ళి చూస్తానంటే, “పాట నేర్పే ఇంట్లో సూడ్డానికేటుంటాదే? ఫోటోలు నాను తెస్తాను కదా” అని హరిబాబు ఒక్కడే వెళ్ళొచ్చాడు.

ఫోటో బాగా వచ్చింది. మేష్టారు పంచె కట్టుకుని, ఒంటి మీద జంధ్యంతో, వీణ మీదకి వంగి ఉన్నారు. ఒక్కటే లోపం. పేజీలో రాత ఎడమవైపు ఉంది, ఫోటో కుడివైపు. ఆయన చూపేమో ఇంకా కుడికి, పేజీ బయటికి పోతోంది. ఫోటోలో మనిషి చూపు రాత వైపు ఉండాలని దుర్గ నేర్చుకుంది. ఒక మీట నొక్కి, అద్దంలో బొమ్మలా ఫోటోని తిప్పేసింది. ఇప్పుడు ఆయన రాత వైపు చూస్తున్నారు. దుర్గ ముఖమే చూసింది, మిగతాది చూడలేదు.

సైటు తయారవగానే ఆమని దాన్ని చుట్టాలకీ, శిష్యులకీ పంపేసింది. మర్నాడు పొద్దున్నే మేష్టారి భార్య ప్రసూనాంబ దగ్గరనుంచి హరిబాబుకి ఫోన్ వచ్చింది.

“మా ఆయనకి జంధ్యం కుడి భుజం మీద వేశారేమిటయ్యా? పితృకార్యాలప్పుడు కదా అలా వేసుకుంటారు! ఎవరు పోయారు, ఎవరి తద్దినమని ఒకటే ఫోన్లు. మాకీ సైటూ వద్దు, ఏమీ వద్దు. తీసేయండి.”

“అయ్యో అమ్మగారూ, అది కంప్యూటర్ తప్పండి. ఒక్కోసారి అదే తిరగేసేస్తాది” అన్నాడు హరిబాబు తడుముకోకుండా.

ఆ మాటలన్నీ పక్కనున్న దుర్గకి వినిపించాయి. ఆమె ముందు ఫోటోని తిన్నగా చేసింది. తర్వాత బ్యాగు సర్దుకుంది.

“బొబ్బిలి ఎల్తన్నాను.”

“ఓలమ్మ! ఎల్లి ఏటి సేస్తావు? సరి సేసేసావు కదా. సాయంత్రం నాను మల్లీ ఫోన్ సేసి బతిమాల్తాను.”

“నువ్వు మల్లీ కంప్యూటర్ అంటావు” అంది దుర్గ.

రాజాం మీదుగా వెళ్ళే బస్సు ఎక్కింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడేసరికి ఒక్కటీ మిగల్లేదు.

“ఎవరమ్మా?” అంది తలుపు తీసిన ప్రసూనాంబ.

“దుర్గండి. అరసవల్లి... సైటు సేసింది నానేనండి.”

“హరిబాబు కదూ?”

“ఆయన మా అన్నియ్యండి. మాటాడ్డం ఆయన, సెయ్యడం నాను.”

“కంప్యూటర్ తిప్పేసిందన్నాడే మీ అన్న?”

దుర్గ చెప్పులు విప్పిన చోటే నిలబడిపోయింది. “కంప్యూటర్ తిప్పలేదండి. నానే తిప్పాను. జంధ్యం సంగతి నాకు తెల్దు.”

ప్రసూనాంబ తలుపు ఇంకాస్త తెరిచింది. “పోయినేడు ఈయన ఆస్పత్రినుంచి బతికి బయటపడ్డారు తల్లీ. పొద్దున్నే ఆ ఫోటో చూసి ముందు ఆయన గదిలోకి పరిగెత్తాను.”

లోపల చాప మీద వీణ శ్రుతి చేసుకుంటున్న మేష్టారు తలెత్తారు. “జంధ్యం మాట అలా ఉంచు. ఎడం చేత్తో మీటుతున్నాను అందులో! ఇన్నేళ్ళూ కుడిచేత్తో మీటి తప్పు చేశానా అనుకున్నాను.”

“మీకన్నీ వేళాకోళాలే” అంది ప్రసూనాంబ. ఆమె నవ్వలేదు. “లోపలికి రా. అసలెందుకు తిప్పావు?”

“ఫోటోలో మడిసి ఎటు సూస్తే సూసేవోల్ల కల్లూ అటే ఎల్తాయండి. మేష్టారి సూపు బయటికున్నాది. రాత వైపు సూస్తే బాగుంటాదని...”

“మరిప్పుడు తిన్నగా పెడితే బయటికే చూస్తారుగా? బాగుండదుగా?”

దుర్గ మేష్టారి వైపు తిరిగింది. ఆయన తీగ మీటుతూ ఎడమచేతి వేళ్ళనే చూసుకుంటున్నారు. తీగ బిగించినా, వదిలినా ఆయన చూపు అక్కడే. వీణ ముందు కూర్చున్న మనిషి అటే చూస్తాడు. ఇది ముందే వచ్చి చూసి ఉంటే ఫోటో జోలికి వెళ్ళేదే కాదు.

“మేష్టార్ని కదపనండి” అంది నెమ్మదిగా. “రాతనే అటేపు తెస్తాను.”

బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి అక్కడే నేల మీద కూర్చుంది. ఫోటో ఎడమకి వచ్చింది, రాత కుడికి వెళ్ళింది. ప్రసూనాంబ కళ్ళజోడు పెట్టుకుని ముందు భుజం చూసింది, తర్వాత చెయ్యి చూసింది, ఆ తర్వాతే ముఖం చూసింది.

“ఇప్పుడు తాను రాసిందే తాను చదువుకుంటున్నట్టున్నారు” అంది.

“నేనెక్కడ రాశాను? రాసిందంతా ఆమని కదా” అన్నారు మేష్టారు.

అంతలో ప్రసూనాంబ ఫోన్ మోగింది. “విజయనగరం నుంచి మా ఆడపడుచు. పొద్దున్నుంచి ఇది మూడోసారి” అంటూ ఫోన్ దుర్గ చేతిలో పెట్టింది. “నువ్వే చెప్పు. నేను చెబితే ఏదో దాస్తున్నాననుకుంటుంది.”

అవతలి గొంతు ఆగకుండా తిడుతోంది. బుద్ధుందా అంది, పెద్దవాళ్ళంటే ఆటలా అంది. దుర్గ అంతా వింది. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడు, “మేష్టారు కులాసాగా ఉన్నారండి. నా ఎదరే వీణ మీటుతన్నారు, ఇనండి” అని ఫోన్ అటు చాపింది. మేష్టారు నాలుగు స్వరాలు పలికించారు. “తప్పు నాదేనండి. సరి సేసాను. ఒక్కసారి సూసి, మీవోల్లందరికీ సెప్పండమ్మా.”

అవతల గొంతు తగ్గింది. “సరే, చూస్తాను” అంది.

ప్రసూనాంబ ఫోన్ తీసుకుని గూట్లో పెట్టింది. “సైటు తీసెయ్యక్కర్లేదు. ఇకమీదట ఏదున్నా నువ్వే ఫోన్ చెయ్యి. మీ అన్న బాగానే మాట్లాడతాడు గానీ, ఎంతవరకు నమ్మాలో తెలీదు” అని కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది.

గూట్లో ఫోన్ మళ్ళీ మోగింది. లోపల్నుంచి ప్రసూనాంబ, “ఎవరో మళ్ళీ, తద్దినం సంగతే అయ్యుంటుంది” అని విసుక్కుంది.

“మీరు పని సూసుకోండమ్మగారూ, నాను మాటాడతాను” అంటూ దుర్గ లేచి ఫోన్ అందుకుంది.