పాలుకు పెంచిన పది పిల్లలు

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కూరగాయలామె తూకం వేస్తుంటే త్రాసు కిందికి వంగి చూస్తాను. కండక్టరు ‘పులివెందుల, పులివెందుల’ అని గొంతు చించుకుంటున్నా బోర్డు చదివితే గానీ బస్సెక్కను. అనుమానం పెనుభూతమే అని మా అమ్మ తిట్టేది. ఆ తిట్టు వెనక ఇంకేముందోనని దాన్నీ అనుమానించేదాన్ని.

జమ్మలమడుగులో మా పక్కింట్లో ఒక ముస్లిం అక్క ఉంది. భర్త కువైట్‌లో డ్రైవరు. కోడిపిల్లల విషయంలో మా వీధిలో ఆమె మాటకు తిరుగులేదు. మూడు వారాల పిల్లను చేతిలోకి తీసుకుని, తోక ఈకలు ముందొచ్చాయా, కాళ్లు లావెక్కుతున్నాయా అని ఒక్క చూపు చూసి ‘పుంజు’ అంటే పుంజే, ‘పెట్ట’ అంటే పెట్టే. ఎవరింట్లో కోడి పిల్లల్ని చేసినా ముందు ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు.

ఒక ఏడు ఆమె తన పుట్టిల్లు పులివెందుల నుంచి ఒక జాతి పెట్టను తెచ్చి నాకు పాలుకిచ్చింది. పాలుకంటే పొదిగించి మేపేది నేను, పిల్లలు చెరిసగం, తల్లికోడి మళ్లీ ఆమెకే. నిజంగా జాతిదేనా అని అప్పుడే నా అనుమానం. నిటారు మెడ, గట్టి కాళ్లు చూపించి నా నోరు మూయించింది. నా పెరట్లో అప్పటికి ఒక్క కోడీ లేదు. పెట్టలొస్తే పెరడు నిండుతుంది, పుంజులొస్తే నాలుగు ఆదివారాల కూర. నాకు పెట్టలే కావాలి.

పిల్లి ఎత్తుకుపోయినవి పోగా పది మిగిలాయి. అన్నీ ఒకే మట్టి రంగు. పంపకం రోజు ఆమె వచ్చి, టీ చల్లారేలోపు ఐదు ఈ గంప కింద, ఐదు ఆ గంప కింద వేసేసింది.

“ఇవి నీవి, ఇవి నావి.”

“పెట్టలేవక్కా?”

“పెద్దయితే నీకే తెలుస్తాది లే మే. నమాజు చేసుకోనొచ్చి నావి తీసుకపోతా,” అని నవ్వి వెళ్లిపోయింది.

చూశారా? అడిగితే చెప్పలేదు. పైగా నవ్వింది. తెలిసిందీ ఆమెకే, పంచిందీ ఆమే. పెట్టలన్నీ తన వైపు తోసుకుందని నాకు రూఢి అయిపోయింది. రెక్క విప్పితే ఈకలు పొట్టీ పొడుగూ ఉన్నది పెట్ట, సమంగా ఉన్నది పుంజు అని ఫోనులో వీడియో చూసి ఉన్నాను. గబగబా ఆమె గంప ఎత్తాను. అలాంటి ఈకలవి రెండు దొరికాయి. వాటిని నా గంప కిందికి మార్చి, నావి రెండు అక్కడ వేశాను. దొంగతనం చేశానని అనిపించలేదు. న్యాయం చేసుకున్నాననే అనుకున్నాను. ఆ ఈకల గుర్తు కోళ్ల ఫారాల్లోని కొన్ని రకాలకే, అదీ పుట్టిన రోజునే పనికొస్తుందని చాలా ఆలస్యంగా తెలిసింది.

కొన్ని నెలలకు ఒక పొద్దున నా పెరట్లో పుంజు కూసింది. దాని వెంటే ఇంకొకటి. నేను మార్చుకున్న ఆ రెండే. మిగతా మూడూ పెట్టలు.

గోడ మీదుగా అక్క తొంగి చూసింది. “నీ ఇంట్లో పుంజు కూస్తాందేంది మే? ఏరి ఏరి ఐదూ పెట్టలే నీకిస్తినే! నీ పెరట్లో ఒక్కటీ లేదని. మా ఆయన వస్తాండాడు, పుంజులు నాకు సాలనుకుంటి.”

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

“నా ఐదు పుంజుల్లో రెండు పెట్టలైనాయి. ఎవురికీ చెప్పుకోలేదు. నా కండ్లు పోయినాయి మే.”

ప్రొద్దుటూరులో కంటి ఆసుపత్రికి నన్నే తోడు రమ్మంది. ఈమెకు అంతా తెలిసే నా నోటితో చెప్పించాలని తీసుకుపోతోందా అని దారంతా ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. డాక్టరు అన్నీ పరీక్షించి కళ్లకేమీ లేదన్నాడు. సంతోషిస్తుందనుకున్నాను. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

“కండ్లు బాగుంటే ఇంక చెడింది నా తలే. మా యమ్మ గూడా మొదుట కోళ్లనే మర్చిపాయ. ఏది ఏ కోడో తెలీకపాయ. ఆ తర్వాత మమ్మల్ని మర్చిపాయ.”

ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. ఇక దాచలేకపోయాను. “నీ తలకేం కాలేదక్కా. ఆ పొద్దు నువ్వు నమాజుకు పోయినప్పుడు నేనే రెండు పిల్లల్ని మార్చినా. నువ్వు ఏరింది ఏరినట్టే ఉండాది. తప్పు నాది.”

తిడుతుందనుకున్నాను. “నిజంగానా?” అని రెండుసార్లు అడిగింది. మా అమ్మ మీద ఒట్టు వేయించుకుంది. దేన్నీ ఊరికే నమ్మకూడదని ఆమెకు నేర్పింది నేనే. అప్పుడు కళ్లు తుడుచుకుంది. జమ్మలమడుగులో బస్సు దిగి మా వీధిలోకి వచ్చేసరికి మూలింటామె కోడిపిల్లతో ఎదురొచ్చింది. అక్క దాన్ని అందుకుని ఒక్కసారి తిప్పి చూసి, “పెట్ట” అంది, తన పాత గొంతుతో.

ఇప్పటికీ నాకు పాలుకు కోడినిస్తుంది. ఏది పెట్టో ఏది పుంజో నేను అడక్కుండానే చెబుతూ, నా కళ్ల ముందే పంచుతుంది. నమాజుకు లేచేటప్పుడు మాత్రం తన పిల్లల్ని గంపలో వేసుకుని, చంకన పెట్టుకుని వెళ్తుంది.