దుప్పట్ల ఇల్లు

ఎంతసేపూ మీ తాతయ్య గొప్పలు వినడమే గానీ, ఆయన చెల్లెలు ఏమైందని ఒక్కరోజైనా అడిగారర్రా? నోళ్లు పడిపోయాయా? బొమ్మలు, వీడియోలు, చప్పుళ్లు కలిపి, జనం లోపల తిరిగి చూసేలా ఏదో కట్టేది మా ఆడపడుచు. మెడలో చిన్న రికార్డరు, చేతిలో కొలిచే టేపు. తలుపు గొళ్లెం పడినా, కుళాయి కారినా, పని ఆపి చెవి రిక్కించేది. ఇంట్లోవాళ్లు టేపు పిల్ల అని వెక్కిరించేవాళ్లు.

ఒకసారి పెద్ద హాల్లో తెల్ల దుప్పట్లు వేలాడదీసి, వాటిమీద వెలుగుతో, ఎప్పుడో అమ్మేసిన పుట్టింటిని గదిగదిగా నిలబెట్టింది. నాన్న కుర్చీ వచ్చింది, అన్నల బల్ల వచ్చింది. తను పడుకునే చోటే తేలలేదు. తనకి రోజుకో మూల గుర్తొచ్చేది. ఏదో ఒక మూల నీదేనని అన్నల నోట వినాలని దాని ఆశ.

"నేనెక్కడ పడుకునేదాన్ని అన్నయ్యా?" అని ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగింది.

"కుట్టుమిషన్ పక్కన కదే," అన్నాడు మీ తాతయ్య.

"అక్కడ నా మంచం ఉండేది కదన్నయ్యా. ఇది వంటింట్లో," అన్నాడు మీ చిన్న తాతయ్య.

"ఆ డబ్బాల మధ్య ఇదెక్కడ పడుతుందిరా? ఎక్కడ చోటుంటే అక్కడ ఒరిగేది."

పకపకా నవ్వుకుంటూ అలా వాదించుకుంటూనే ఉన్నారు. అదంతా రికార్డరులో పట్టింది. జనానికి చూపించే రోజున, దుప్పట్ల మధ్య కాస్త ఖాళీ నేల వదిలి, అక్కడ ఆ వాదనే వినిపించింది. ముక్కూమొహం తెలియనివాళ్లు నిలబడి కళ్లు తుడుచుకున్నారు. మనవాళ్లేమో, "మా గొంతులు భలే పడ్డాయి," అని మురిసిపోతూ ఇంటికొచ్చారు.

ఆ తర్వాత అది అన్నల్ని ఏమీ అడగలేదు. పోయేనాటికి దానికి యాభై మూడేళ్లు.