చలి నీళ్ళ కోసం పెంచిన ఒళ్ళు

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక విదేశీయుణ్ణి చూపించింది. ఎక్కడో మంచులాంటి సముద్రాన్ని ఈదడం కోసం ఆ మనిషి నెలల తరబడి కావాలని తిని ఒళ్ళు పెంచాడట, కొవ్వుంటే చలి లోపలికి దిగదట. ఇంటిల్లిపాదీ ఆహా అన్నారు. నాకు మాత్రం కడుపు రగిలిపోయింది. ఎందుకో మా ఊళ్ళో నా ఈడు వాళ్ళకైతే చెప్పగానే అర్థమవుతుంది.

మాది సముద్రపొడ్డున చేపలు పట్టుకు బతికే ఊరు, భావనపాడు. నేను బడి గుమ్మం తొక్కలేదు, పకోడీలు చుట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. మీసాలు మొలిచేనాటికే అన్నతో పాటు పడవెక్కాను. ఆ రోజుల్లో వల అంటే ఇంటిల్లిపాదీ కూర్చుని అల్లుకున్న ఆస్తి, అది అడుగున రాళ్ళకు చిక్కుకుంటే కోసి వదిలెయ్యడమన్న మాటే లేదు, ఎవరో ఒకరు మునిగి విడిపించాలి. మా పడవలో ఆ మనిషి మా అన్న. ఊపిరి బిగబట్టడంలో అతనికి సాటి లేదు గాని మనిషి వెదురుబద్ద. పుష్యమాసపు ఉదయాల్లో కాసిని మునకలకే పళ్ళు టకటకలాడేవి, పెదవులు నల్లబడేవి, పైకి లాగి ఇద్దరం అటూ ఇటూ కరుచుకుని పడుకుంటే గాని మాట వచ్చేది కాదు.

ఓ ఏడు ఆ మాట రావడం మరీ ఆలస్యమైంది. మునిగేవాణ్ణి మేపడం మావాళ్ళలో పాత అలవాటే గనక, ఆ మరుసటి దసరా వెళ్ళగానే పడవలో వాటా ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళంతా వంతులేసుకుని అన్నకు వండి పంపడం మొదలుపెట్టారు. ఒకరింటి నుంచి నువ్వులుండలు, ఇంకొకరింటి నుంచి కొవ్వు చేపల పులుసు, మా ఇంట తాటిబెల్లం కలిపిన చోడి అంబలి, అదే రాగి అంబలి. వల లాగనివ్వరు, మధ్యాహ్నం పడుకోమంటారు. అన్న సిగ్గుతో తల వంచుకుని తినేవాడు. ఇక చాలంటే అమ్మ ఊరుకునేది కాదు.

"నీ కడుపుకేటి తెలుస్తాదిరా, నేను నీటికి పెడతన్నాను. తిను."

పడవకు పెద్ద మా మేనమామ. ఆయన ఆటపట్టించేవాడు. "ఒరే అల్లుడూ, నీకింక సొక్కా కుట్టాలంటే తెరసాప సింపాలిరా."

"సింపు మావా, పడవని నేనే ఈదుకుంటా లాక్కొస్తాను" అనేవాడు అన్న.

పుష్యం వచ్చింది, వల చిక్కుకుంది, అన్న దిగాడు. పెరిగిన ఒళ్ళు బెండులా తేలిపోతుంటే తాడు కట్టిన లంగరు రాయి పట్టుకుని మునిగాడు. పైకొచ్చినప్పుడు పళ్ళు కొట్టుకోలేదు. "సలే లేదు మావా" అంటే పడవ మీద అందరి ముఖాలూ వెలిగాయి. మళ్ళీ మునిగాడు, వచ్చాడు, మళ్ళీ మునిగాడు. వెనకటి ఏళ్ళలో అయితే ఆ పాటికి చలి అతణ్ణి పడవలోకి తరిమేసేది. ఊపిరి అలిసిపోకముందే మనిషిని పైకి రప్పించే కాపలా ఆ చలేనని మాలో ఎవరికీ తెలియదు. "ఇంకొక్క సిక్కే ఉన్నాది" అని దిగినవాడు ఎంతకీ రాలేదు. అందరం కలిసి వల లాగితే అది ఎక్కడా తగులుకోకుండా వచ్చింది, లోపల అన్న ఉన్నాడు. ఆ చివరి చిక్కు కూడా విప్పేశాడు.

తిండెక్కువై, బద్ధకం పట్టి పోయాడని ఊళ్ళో అన్నారు. ఇన్నేళ్ళయినా పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ ఆ మాట వింటూనే ఉన్నాను, విన్నప్పుడల్లా కొట్లాడుతూనే ఉన్నాను. పరాయివాడు ఒళ్ళు పెంచితే పట్టుదల, మా అన్న పెంచితే తిండిబోతుతనమా? ఆ విదేశీయుడు పేరు కోసం ఈదాడు, తప్పులేదు. అతని వాలకం కనిపెట్టడానికి పక్క పడవలో డాక్టరు కూడా ఉన్నాడు. మా అన్న అన్నేసి ఇళ్ళ కూటి కోసం దిగాడు. అమ్మ ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఎవరికీ కొసరి వడ్డించలేదు.

ఇప్పుడన్నీ నైలాను వలలు. చిక్కుకుంటే కత్తితో కోసి వదిలేసి వచ్చేస్తారు, ఎవరూ నీళ్ళలోకి దిగరు. మంచిదే, కుర్రాళ్ళు ప్రాణాలతో ఇళ్ళకు తిరిగొస్తున్నారు, కాదనను. అయినా ఒక్క మనిషికి చలి వెయ్యకూడదని వీధి వీధంతా పొయ్యిలు వెలిగించుకోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.